జిల్లేడు చెల్లెలు

రథసప్తమి నాడు సీడర్ రాపిడ్స్‌లో
మైనస్ పద్దెనిమిది.
నెత్తిన పెట్టుకోడానికి ఏడు జిల్లేడాకులు
అయోవాలో ఎవరిస్తారు?
వట్టి వేడినీళ్ళే పోసుకొచ్చి
ఫ్రిజ్ తెరిచాను.
పెరుగు గిన్నె వెనక, అల్లం ముద్ద పక్కన
తడి ఇసుకలో డబ్బాడు విత్తనాలు.
నెల్లాళ్ళు చలి తింటేగాని
కళ్ళు తెరవవట.
"ఇసుకని కూడా నిల్వ పెడుతున్నావా?"
మూత తీసి వాసన చూశాడు మా ఆయన.

మొదటి ఏడు
మే నెలలో రెండాకులు.
జూన్‌లో నాలుగు.
జులైలో కుందేలు వచ్చి వెళ్ళాక, మూడు.
పక్కింటి డొలోరెస్ నొవోట్నీ,
పచ్చికని దువ్వెనతో దువ్వినట్టుంచుకునే మనిషి,
కంచె మీద మోచేతులానించి
"నాటావా, పాతిపెట్టావా?" అంది.
ఏం చెప్పను!
కింద వేరు ముందు ఇల్లు కట్టుకుంటోందని
అప్పటికి నాకూ తెలీదు.

రెండో ఏడు మోకాలెత్తు.
ఊరికే ఒక ఆకు తుంచానా,
పాలు!
తెల్లగా, చిక్కగా, వేలి చివర బొట్టు.
"కంట్లో పడితే గుడ్డే!"
మా పెద్దమ్మ కేక
నిడదవోలు రైలుకట్ట మీంచి సూటిగా వచ్చి
చెవిలో పడింది.
పరికిణీకి తుడవబోయిన చేతిని
జీన్స్‌కి తుడుచుకున్నాను.
ఇది దాని చెల్లెలే. ఆ మందపాటి ఆకు,
ఆకు వెనక ఆ తెల్లటి నూగు,
కాడ పొడుగునా ఆ పసుప్పచ్చ పేను,
అదే పేను, ఏ వీసా మీద దిగిందో!
చెల్లెలు మాత్రం ఇక్కడిదే.
నాగలికి ముందు, కంచెలకి ముందు నుంచీ ఇక్కడిదే.
వచ్చింది నేను.

మూడో ఏడు జులై.
భుజమెత్తు, గులాబీ రంగు పూల ఉండలు.
వాసన వీధి మలుపులోనే చెయ్యి పట్టుకుంటుంది.
అక్కకి లేని గుణం ఇది.
ఆ వారమే నగరపాలక సంస్థ ఉత్తరం:
మీ ఆవరణలో కలుపు.
టేపు పట్టుకుని ఒక కుర్రాడొచ్చాడు,
చొక్కా మీద గారెట్ అని కుట్టుంది.
కొలవబోయి ఆగాడు.
ఒక తుమ్మెద కాలు పువ్వు సందులో ఇరుక్కుంది.
లాగుతోంది. రొద హెచ్చి, తగ్గి, మళ్ళీ హెచ్చి
ఊడొచ్చింది!
కాలికి జంట పుప్పొడి సంచులు,
కావడి మోసేవాడిలా ఊగుతూ
పక్క పువ్వుకి పోయింది.
గారెట్ టేపు చుట్టేశాడు.
కాగితం మీద ఏం రాసుకున్నాడో గాని
రెండో ఉత్తరం రాలేదు.

ఆ తర్వాత వచ్చినవాళ్ళు వేరు.
నలుపు పసుపు తెలుపు చారల చొక్కాలు,
పువ్వు ఊసే పట్టదు,
ఆకులు, మళ్ళీ ఆకులు,
బంతి లేవని మగపెళ్ళివారు.
రాత్రి డ్యూటీ దిగి వచ్చేసరికి ఈనెలు మిగిలాయి.
మందు కొట్టాలని చెయ్యి దురదపెట్టింది.
మిరపచేల మధ్య పెరిగిన చెయ్యి అది.
జేబులో పెట్టుకున్నాను.
వీళ్ళకి తినిపించడానికే గదా పెంచిందని
నాకు నేను చెప్పుకోడానికి
ఒక సాయంత్రం పూర్తిగా పట్టింది.
కంచె పలక కింద ఆకుపచ్చ లోలాకు ఒకటి
బంగారు చుక్కలతో వేలాడింది కొన్నాళ్ళు.
అది విప్పుకున్న రోజు నేను షిఫ్టులో ఉన్నాను.
నాకు దక్కింది
గాలికి గలగలమనే ఖాళీ పొర.

అక్టోబరులో
చిలకముక్కు కాయలు పగిలి పట్టుదూది.
పరదా వెనక కాఫీ తాగుతూ చూశాను:
డొలోరెస్ వీధికి అటూ ఇటూ చూసి
ఒక కాయ తుంచి కోటు జేబులో వేసుకుంది.
పిలవబోయి ఊరుకున్నాను.
అడిగి తెచ్చుకున్న మొక్క కంటే
దొంగిలించిందే బాగా బతుకుతుందని మా వైపు మాట.
చలి సంగతి చెప్పాలి ఆమెకి.
చెబితే చూశానని తెలిసిపోతుంది.
పోనీలే,
ఈ ఊళ్ళో చలికేం కరువు.